ఎనిమిదేళ్ల పిల్లాడికి ఎలాంటి బేస్‌బాల్ క్లీట్స్ కొనాలి?

"మావాణ్ణి లిటిల్ లీగ్‌లో చేర్చాం. క్లీట్స్ ఏ రకం కొనాలి, ఏ సైజు కొనాలి?" అని ఒకరు అడిగారు. లిటిల్ లీగ్ అంటే పిల్లల బేస్‌బాల్ లీగ్, క్లీట్స్ అంటే అడుగున ముళ్లుండే ఆట బూట్లు. సైజు సంగతి ముందు చెప్పేస్తాను, నా పరువు పోయింది అక్కడే కాబట్టి.

మేముండేది టెక్సాస్‌లో, ప్లేనోలో. మూడేళ్ల క్రితం మావాడికి కొనేటప్పుడు నేను మన ఊరి లెక్కే వేశాను. ఎదిగే కాలు, ఒకటిన్నర సైజు పెద్దవి తీసుకుంటే వచ్చే ఏడాదికీ వస్తాయని. ముందువైపు కాస్త దూది కుక్కాను. మా ఆవిడ వద్దంటూనే ఉంది.

రెండో మ్యాచ్. ముందురోజు వాన పడి, బంతి కొట్టాక పరుగెత్తాల్సిన ఫస్ట్ బేస్ దారంతా మెత్తగా ఉంది. మావాడు ఆ సీజన్‌లో మొదటిసారి బంతిని గట్టిగా కొట్టాడు. నాలుగడుగులు వేశాడో లేదో, ఎడమ క్లీట్ బురదలో దిగబడి అక్కడే ఉండిపోయింది. వాడు సాక్స్‌తోనే సగం దూరం పరుగెత్తి, ఠక్కున ఆగి, బూటు కోసం వెనక్కి వచ్చాడు. ఔట్! వాణ్ణి ఏమనను? గుడికెళ్లిన ప్రతిసారీ చెప్పులు జాగ్రత్త, చెప్పులు జాగ్రత్త అని నూరిపోసింది నేనే. కోచ్ బూటు లాగితే దూది ఉండ కూడా ఊడి వచ్చింది. అదేమిటని పక్కనున్న ఒకావిడ అడిగితే నేను ఫోన్ చూసుకున్నాను.

అందుకే షాపుకి పిల్లాణ్ణి తీసుకెళ్లండి. ఆటకి వేసే మందపాటి సాక్స్‌తోనే తొడిగించి, అక్కడే నాలుగడుగులు పరుగెత్తించండి. మడమ లేస్తే వద్దు. బొటనవేలి ముందు అర అంగుళం ఖాళీ చాలు. మెటల్ స్పైక్స్ ఈ వయసుకి లిటిల్ లీగ్‌లో ఒప్పుకోరు, అడుగున ప్లాస్టిక్ ముళ్లున్న మామూలువే తీసుకోండి. ఇంట్లో సాకర్ క్లీట్స్ ఉంటే తొలి సీజన్ వాటితో గడిచిపోతుంది, బేస్‌బాల్ వాటికి వేళ్ల కింద ముందువైపు ఉండే ముల్లు వీటికి ఉండదంతే. బేస్‌బాల్‌వి సాకర్‌కి వేస్తే మాత్రం ఆ ముల్లు చూసే రిఫరీ ఆపేస్తాడు.

మనవాళ్లతో ఇంకో బాధ. మూడొందల డాలర్ల బ్యాట్ కొంటారు, కాళ్లకి మాత్రం అన్నయ్యవి, ముళ్లు అరిగిపోయినవి వేయిస్తారు. బ్యాట్ పట్టుకునేది కాసేపే కదండీ, బూట్లు ఆటంతా కాళ్లకే ఉంటాయి!

మ్యాచ్ అయ్యాక వాటితో కారెక్కనివ్వకండి. మ్యాట్ మీద ఎండిన ఎర్రమన్ను గీకడానికి నేనొక పాత అట్లకాడ డిక్కీలోనే పెట్టుకున్నాను.