టెక్ సందేహాలు: డెవ్‌లో ఉన్న మార్పు క్వాలిటీలో ఏమైంది?

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో ఐదు ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి. కంపెనీల లెక్కలు, సరుకు, బిల్లులు నడిపే సాఫ్ట్‌వేర్ ఎస్‌ఏపీలో మనం చేసిన మార్పు డెవలప్‌మెంట్ సిస్టమ్ (డెవ్) నుంచి టెస్టింగ్ సిస్టమ్‌కి (క్వాలిటీ) ఎలా చేరుతుంది, దారిలో ఎందుకు తప్పిపోతుంది అని. మార్పుల్ని కట్టే మూటని రిక్వెస్ట్ లేదా ట్రాన్స్‌పోర్ట్ అంటారు. మూట కట్టి పంపడం రిలీజ్, అటువైపు దించుకోవడం ఇంపోర్ట్. టెస్టింగ్ అయ్యాక అది అసలు వ్యాపారం నడిచే ప్రొడక్షన్ సిస్టమ్‌కి వెళ్తుంది. నాకు బాగా ఇష్టమైన విషయం. అందుకే ఫోన్లు, వైఫై రూటర్ల ప్రశ్నలన్నీ వచ్చే వారానికి పెట్టి ఈసారి చోటంతా దీనికే ఇస్తున్నాను.

"సార్, నేను రుషికొండలో ఒక కంపెనీలో అబాప్ (ఎస్‌ఏపీ ప్రోగ్రామింగ్ భాష) డెవలపర్‌గా చేరి ఎనిమిది నెలలైంది. ఇన్వాయిస్ ప్రింట్ ప్రోగ్రామ్‌లో సోమవారం హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ కాలమ్ పెట్టాను. బుధవారం రౌండాఫ్ లైను కలిపాను. రెండింటికీ వేరువేరు రిక్వెస్టులు, రెండూ రిలీజ్ చేశాను. క్వాలిటీలో రెండూ ఇంపోర్ట్ అయ్యాయి, ఎర్రర్ ఏమీ రాలేదు. అయినా రౌండాఫ్ లైను కనిపించడం లేదు. డెవ్‌లో మాత్రం ఉంది. టెస్టర్ 'అసలు మీరు చెయ్యలేదు' అంటున్నారు. లీడ్ గారిని అడిగితే 'సీక్వెన్స్ చూసుకో' అని ఒక్క ముక్క చెప్పి మీటింగ్‌కి వెళ్లిపోయారు. టెన్షన్‌గా ఉంది." — మధురవాడ నుంచి ఒక పాఠకురాలు

మీరు చేశారమ్మా. మీ పని ఎక్కడికీ పోలేదు, డెవ్‌లో భద్రంగా ఉంది. క్వాలిటీలో దాని మీద పాతది వచ్చి కూర్చుంది, అంతే. లీడ్ గారు చెప్పిన ఆ ఒక్క ముక్కా నిజమే, కానీ విడమర్చి చెప్పి ఉండాల్సింది.

రిక్వెస్టులు చూసే ఎస్‌ఈ10 స్క్రీన్‌లో ముందు టాస్క్ (రిక్వెస్ట్ లోపల ఒక్కొక్కరి పని వాటా), తర్వాత రిక్వెస్ట్ రిలీజ్ చేస్తారు కదా. ఆ క్షణంలో మీ ఆబ్జెక్టులు (ప్రోగ్రాములు, టేబుళ్ల వంటివి) ఎలా ఉన్నాయో అలా ఫైళ్లలోకి దిగుతాయి. రిక్వెస్ట్ నంబరు డెవ్‌కే900123 అనుకుందాం. ట్రాన్స్‌పోర్ట్ డైరెక్టరీలోని కోఫైల్స్ ఫోల్డర్‌లో కే900123 అనే ఫైలు, డేటా ఫోల్డర్‌లో ఆర్900123 అనే ఫైలు పడతాయి. ఆటోనగర్ లారీ ఆఫీసులో కాసేపు కూర్చున్నవాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. మొదటిది వేబిల్లు, రెండోది సరుకు.

ఆ సరుకులో వెళ్లేది మీరు మార్చిన నాలుగు లైన్లు కాదు, ప్రోగ్రామ్ మొత్తం. కోడ్ మార్పుల్ని కలిపి సర్దే గిట్ అనే టూల్ వాడి వచ్చినవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. రెండు మార్పుల్ని కలిపి సర్దే పని ఇక్కడ ఎవరూ చెయ్యరు. వచ్చిన కాపీ ఉన్న కాపీని తుడిచి దాని చోట కూర్చుంటుంది. సోమవారం సరుకులో హెచ్‌ఎస్‌ఎన్ ఉంది, రౌండాఫ్ లేదు. బుధవారం సరుకులో రెండూ ఉన్నాయి. సోమవారంది ముందు, బుధవారంది తర్వాత వెళ్తే అంతా సవ్యం. బుధవారంది ముందు వెళ్లి, ఎవరో మర్చిపోయిన సోమవారంది ఆ తర్వాత వెళ్తే రౌండాఫ్ మాయం. సిస్టమ్ దృష్టిలో రెండు ఇంపోర్టులూ విజయవంతమే కాబట్టి ఎర్రర్ రాదు.

జరిగింది ఇదేనని నా అనుమానం. ఖాయం చేసుకోవాలంటే ట్రాన్స్‌పోర్టులు నడిపే ఎస్‌టీఎంఎస్ స్క్రీన్‌లో క్వాలిటీ సిస్టమ్ ఇంపోర్ట్ హిస్టరీ తెరిచి రెండు రిక్వెస్టుల టైములు చూడండి. తర్వాత డెవ్‌లో ప్రోగ్రామ్ ఎడిటర్ ఎస్‌ఈ38 నుంచి వెర్షన్ మేనేజ్‌మెంట్‌కి వెళ్లి రిమోట్ కంపారిజన్‌తో క్వాలిటీలోని ప్రోగ్రామ్‌ని పక్కపక్కన పెట్టండి. తేడా ఉన్న లైన్లు అక్కడే కనిపిస్తాయి. ఆ స్క్రీన్ టెస్టర్ గారికి చూపిస్తే మాట పెరగదు.

సరిచెయ్యడం తేలికే. బుధవారం రిక్వెస్టుని మళ్లీ ఇంపోర్ట్ చెయ్యమని బేసిస్ వాళ్లని (ఎస్‌ఏపీ సిస్టమ్‌లని నడిపే అడ్మిన్లని) అడగండి. ఒకసారి వెళ్లిన రిక్వెస్టుని తిరిగి పంపడానికి ఇంపోర్ట్ ఆప్షన్లలో వీలుంది. అంతకంటే ముఖ్యమైన పని ఇంకొకటుంది. ప్రొడక్షన్ క్యూలో, అంటే ఇంపోర్ట్ కోసం ఎదురుచూసే జాబితాలో, ఈ రెండింటి వరస ఎలా ఉందో ఈరోజే చూడండి. అక్కడ కూడా తలకిందులుగా ఉంటే, క్వాలిటీలో మీరు పడిన ఇబ్బంది అసలు కస్టమర్ల బిల్లుల మీద పడుతుంది.

ఎస్‌టీఎంఎస్ క్యూ స్క్రీన్ మీద రెండు లారీ బొమ్మలుంటాయి. సగం నిండిన లారీ మీద నొక్కితే మీరు ఎంచుకున్న రిక్వెస్ట్ ఒక్కటే వెళ్తుంది. నిండు లారీ మీద నొక్కితే క్యూలో ఉన్నవన్నీ వరసగా వెళ్తాయి. చాలా ఏళ్ల కింద నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో ఒక శుక్రవారం సాయంత్రం సగం లారీ బదులు నిండు లారీ పడింది. క్యూలో నలుగురం పెట్టిన, టెస్టింగ్ పూర్తికాని రిక్వెస్టులు కూడా ప్రొడక్షన్‌కి వెళ్లిపోయాయి. మరునాడు పొద్దున్న ఆ ఫ్యాక్టరీ గేటు దగ్గర డెలివరీ చలాన్ ప్రింటు కాక లారీలు వరసగా ఆగిపోయాయి. సెక్యూరిటీ గదిలో ప్రింటర్ పక్కన నిలబడి, సగం ఖాళీగా వస్తున్న కాగితాన్ని ఒక్కొక్కటీ చూసిన ఆ ఉదయం నేను మర్చిపోలేదు. నొక్కిన కుర్రాణ్ని అందరూ తిట్టారు. నా లెక్కలో తప్పు అతనిది కాదు. పరీక్ష పూర్తికాని సరుకుని క్యూలో నిలబెట్టిన మా అందరిదీ. క్యూలో ఉన్నవన్నీ పంపదగ్గవే అయితే నిండు లారీ వల్ల నష్టమేముంది? నిజానికి వరస చెడకుండా ఉండేది దానితోనే.

మరి పూర్తికాకుండా టెస్టర్‌కి చూపించడం ఎలా అంటారా? దానికోసమే ట్రాన్స్‌పోర్ట్ ఆఫ్ కాపీస్ ఉంది. మీ అసలు రిక్వెస్టుని రిలీజ్ చెయ్యకుండా తెరిచే ఉంచండి. ఎస్‌ఈ01లో ట్రాన్స్‌పోర్ట్ ఆఫ్ కాపీస్ రకం రిక్వెస్ట్ ఒకటి సృష్టించి, టార్గెట్‌గా క్వాలిటీ ఇచ్చి, అసలు రిక్వెస్టులోని ఆబ్జెక్ట్ లిస్టుని దాంట్లోకి తెచ్చుకుని దాన్ని రిలీజ్ చెయ్యండి. కాపీ క్వాలిటీకి వెళ్తుంది, అక్కడితో ఆగుతుంది, ప్రొడక్షన్ క్యూలోకి దానంతట అది చేరదు. టెస్టర్ తప్పు చెబితే సరిచేసి ఇంకో కాపీ పంపండి. పది కాపీలైనా ఫర్వాలేదు. అంతా ఓకే అన్నాక అసలుది ఒక్కటి రిలీజ్ చేస్తే ప్రొడక్షన్‌కి వెళ్లాల్సిన రిక్వెస్ట్ ఒకటే ఉంటుంది. ఇక తలకిందులయ్యే వరసే ఉండదు.

ఒక్క జాగ్రత్త. చివర్లో ఆ అసలు రిక్వెస్ట్ క్వాలిటీలో ఇంపోర్ట్ అయ్యాక కూడా ఒకసారి టెస్ట్ చేయించండి. కాపీలో ఉండి అసలుదాంట్లో లేని ఆబ్జెక్ట్ ఏదైనా ఉంటే, ప్రొడక్షన్‌కి ముందు బయటపడే ఆఖరి చోటు అదే. "మొన్ననే చూశాం కదా" అని టెస్టర్లు విసుక్కుంటారు. బతిమాలైనా చేయించండి.

ఇది చదివే, కోడ్ కాకుండా ఎస్‌ఏపీ సెట్టింగులు (కస్టమైజింగ్) చేసే ఫంక్షనల్ కన్సల్టెంట్లకి కూడా ఒక మాట. ప్రోగ్రామ్ అయితే ఒక రిక్వెస్టులో ఉండగా లాక్ పడుతుంది, రిలీజ్ అయ్యేదాకా ఇంకో రిక్వెస్టులోకి విడిగా వెళ్లదు. మీరు చేసే కస్టమైజింగ్ ఎంట్రీలకి మామూలుగా ఆ లాక్ ఉండదు. ఒకే ఎంట్రీ ఒకేసారి ఇద్దరి రిక్వెస్టుల్లో ఉండొచ్చు. కాబట్టి వరస గొడవ మీకే ఎక్కువ.

"క్వాలిటీకి ఇంపోర్ట్ చేస్తే రిటర్న్ కోడ్ 8 వచ్చింది. టేబుల్ యాక్టివేట్ కాలేదంటోంది. డెవ్‌లో అదే టేబుల్ బాగానే ఉంది. క్వాలిటీలో నేరుగా టేబుల్ క్రియేట్ చేసేయమని మా ఫ్రెండ్ సలహా ఇచ్చాడు, చేయొచ్చా?" — గాజువాక

చేయొద్దు. క్వాలిటీలో చేత్తో పెట్టిన టేబుల్ ప్రొడక్షన్‌లో ఉండదు. టెస్ట్ పాసైపోతుంది, అసలు రోజున మళ్లీ ఇదే 8 వస్తుంది. అసలు చాలా చోట్ల క్వాలిటీలో మార్పులు చెయ్యకుండా మూసి ఉంచేది ఇందుకే.

రిటర్న్ కోడ్ 0 అంటే సాఫీగా వెళ్లింది. 4 అంటే వెళ్లింది కానీ హెచ్చరికలున్నాయి. 8 అంటే కనీసం ఒక ఆబ్జెక్ట్ సరిగ్గా కూర్చోలేదు. 12 అంటే ఇంపోర్ట్ మధ్యలోనే పెద్ద ఆటంకం వచ్చింది, దాని సంగతి బేసిస్ వాళ్లకి వదిలేయండి. 8 వచ్చిందంటే ఏమీ వెళ్లలేదని కాదు, కొన్ని వెళ్లి కొన్ని ఆగి ఉండొచ్చు. ఆ సగం స్థితిలో టెస్టింగ్ మొదలుపెట్టనివ్వకండి.

లాగ్ తెరిచి యాక్టివేషన్ దశ దగ్గర ఎర్ర గీతలున్న లైన్లు చదవండి. దాదాపు ప్రతిసారీ అక్కడ ఒక డేటా ఎలిమెంటో, డొమైనో (టేబుల్ కాలమ్ రకాన్ని చెప్పే నిర్వచనాలు) లేదని రాసి ఉంటుంది. డెవ్‌లో ఆ డేటా ఎలిమెంట్ ఏ ప్యాకేజీలో (ఆబ్జెక్టుల్ని సర్దే ఫోల్డర్ లాంటిది) ఉందో చూడండి. సేవ్ చేసేటప్పుడు హడావిడిలో లోకల్ ఆబ్జెక్ట్ బటన్ నొక్కి ఉంటే అది డాలర్ టీఎంపీ అనే లోకల్ ప్యాకేజీలో ఉంటుంది. అక్కడున్నది రిక్వెస్ట్ అడగదు, సిస్టమ్ గడప దాటదు. దాని ఆబ్జెక్ట్ డైరెక్టరీ ఎంట్రీలో ప్యాకేజీని మీ ప్రాజెక్టు ప్యాకేజీగా మార్చండి. అప్పుడు రిక్వెస్ట్ అడుగుతుంది. దాన్ని రిలీజ్ చేసి ముందు పంపండి, తర్వాత పాతదాన్ని మళ్లీ ఇంపోర్ట్ చేయించండి. లోకల్‌లో కాకుండా ఇంకొకరి రిలీజ్ కాని రిక్వెస్టులో ఉంటే మాత్రం లేచి వాళ్ల సీటు దగ్గరికి వెళ్లి మాట్లాడటం మెయిల్ పెట్టడం కంటే మేలు.

"సంక్రాంతి సెలవుల్లో మా క్వాలిటీ సిస్టమ్‌ని ప్రొడక్షన్ కాపీతో రిఫ్రెష్ చేశారు. తిరిగొచ్చేసరికి మేం డిసెంబర్‌లో టెస్ట్ చేసినవేవీ లేవు. మళ్లీ మొదటి నుంచి చెయ్యాలా?" — సీతమ్మధార నుంచి ఒక టెస్టర్

అక్కర్లేదండి. క్వాలిటీ ఇప్పుడు ప్రొడక్షన్‌కి అచ్చంగా కాపీ. కాబట్టి క్వాలిటీకి వచ్చి ప్రొడక్షన్‌కి ఇంకా వెళ్లని మార్పులన్నీ అందులోంచి పోయాయి. అవేంటో ఎవరూ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. మామూలు ఏర్పాటులో ప్రొడక్షన్ ఇంపోర్ట్ క్యూలో ఎదురుచూస్తున్నవే అవి. ఆ జాబితా తీసుకుని అదే వరసలో క్వాలిటీలోకి మళ్లీ ఇంపోర్ట్ చేయమని బేసిస్ వాళ్లని అడగండి. ఫైళ్లు ట్రాన్స్‌పోర్ట్ డైరెక్టరీలోనే ఉంటాయి. ట్రాన్స్‌పోర్ట్ ఆఫ్ కాపీస్‌గా వెళ్లినవి మాత్రం ఆ క్యూలో ఉండవు, వాటిని డెవలపర్లే మళ్లీ పంపాలి. ఇకముందు రిఫ్రెష్‌కి ముందురోజే ఈ జాబితా తీసి పెట్టించండి.

మీరు అడగని సంగతి ఒకటి చెప్పాలి. మీ క్వాలిటీలో ఇప్పుడున్నవి నిజమైన కస్టమర్ల మెయిల్ ఐడీలు, నిజమైన ఉద్యోగుల జీతాలు, బ్యాంకు ఖాతా నంబర్లు. ఒక టెస్ట్ ఆర్డర్ సేవ్ చేస్తే నిజమైన మనిషికి మెయిల్ వెళ్లిపోయే ప్రమాదం ఉంది. బయటికి వెళ్లే మెయిల్స్‌ని మెయిల్ సెట్టింగులుండే ఎస్‌కాట్‌లో ఆపారా, జీతాల వివరాలు కనిపించకుండా మార్చారా అని టెస్టింగ్ మొదలుపెట్టే ముందు అడగండి. సమాధానం వచ్చేదాకా ఆగండి. పక్క సీటు మనిషి జీతం తెరిచి చూసే వీలు ఎవరికీ ఉండకూడదు.

"డెవ్‌లో 100 క్లయింట్‌లో చేసిన కాన్ఫిగరేషన్ అదే డెవ్‌లోని 200 క్లయింట్‌లో లేదు. ట్రాన్స్‌పోర్ట్ రిలీజ్ చెయ్యాలా?" — అక్కయ్యపాలెం

అవసరం లేదు. క్లయింట్ అంటే ఒకే సిస్టమ్‌లో వేరుగా లాగిన్ అయ్యే భాగం. 200లోకి లాగినై, క్లయింట్ల మధ్య కాపీ చేసే ఎస్‌సీసీ1లో సోర్స్ క్లయింట్‌గా 100, మీ రిక్వెస్ట్ నంబరు ఇచ్చి కాపీ చేసుకోండి. కొత్త ఎస్/4హానా వెర్షన్లలో దీనికి ఎస్‌సీసీ1ఎన్ వాడతారు. రిక్వెస్ట్ రిలీజ్ కాకపోయినా పనిచేస్తుంది. లోపల టాస్కుల్లో ఉన్నవి కూడా రావాలంటే ఆ టిక్కు పెట్టడం మర్చిపోకండి.

"ద్వారకానగర్‌లో ఎస్‌ఏపీ కోర్సు చేస్తున్నాను. మా ఇన్‌స్టిట్యూట్‌లో ఒక్కటే సిస్టమ్. ట్రాన్స్‌పోర్ట్ ఎలా నేర్చుకోవాలి? ఇంటర్వ్యూల్లో అన్నీ దీని మీదే అడుగుతున్నారు." — ఒక విద్యార్థి

ఫీజు కట్టి చదువుతున్న మీకు ఇది చూపించకపోవడం బాధగా ఉంది. ఉద్యోగంలో మొదటి వారంలోనే కావాల్సిన పని ఇది. అయినా ఒక్క సిస్టమ్‌తో చాలావరకు నేర్చుకోవచ్చు. మీ ల్యాప్‌టాప్‌లో లేదా ల్యాబ్‌లో గట్టి కంప్యూటర్ ఉంటే ఎస్‌ఏపీ ఉచితంగా ఇచ్చే అబాప్ క్లౌడ్ డెవలపర్ ట్రయల్‌ని డాకర్ అనే సాఫ్ట్‌వేర్‌లో వేసుకోవచ్చు. ర్యామ్ 16 జీబీ కంటే తక్కువుంటే మొదలుపెట్టకండి, 32 ఉంటే హాయి.

అందులో ఎస్‌టీఎంఎస్ తెరిచి సిస్టమ్ ఓవర్‌వ్యూలో వర్చువల్ సిస్టమ్ ఒకటి సృష్టించండి. దానికి క్యూఏఎస్ అని పేరు పెట్టండి. అది నిజంగా ఉండదు, పేరు మాత్రమే. మీ సిస్టమ్ నుంచి దానికి ట్రాన్స్‌పోర్ట్ రూట్ గీయండి. ఇప్పుడు చిన్న ప్రోగ్రామ్ రాసి, రిక్వెస్టులో పెట్టి రిలీజ్ చేస్తే అది క్యూఏఎస్ క్యూలో కనిపిస్తుంది. ఇంపోర్ట్ చెయ్యలేరు, ఎందుకంటే అటువైపు సిస్టమ్ లేదు. అయితే రిలీజ్, లాగ్, క్యూ వరస, ట్రాన్స్‌పోర్ట్ ఆఫ్ కాపీస్, అన్నీ మీ కళ్లతో చూస్తారు. ట్రాన్స్‌పోర్ట్ డైరెక్టరీలోకి వెళ్లి పైన చెప్పిన రెండు ఫైళ్లూ పడ్డాయో లేదో చూడండి. ఆ తర్వాత అదే ప్రోగ్రామ్‌ని మార్చి రెండో రిక్వెస్టులో రిలీజ్ చెయ్యండి. రెండు సరుకుల్లో ఏది ముందు వెళ్తే ఏమవుతుందో కాగితం మీద రాసుకోండి. రిలీజ్ దగ్గర ఎక్కడైనా ఆగిపోతే ఎక్స్‌పోర్ట్ లాగ్‌లోని ఆఖరి పది లైన్లు నాకు రాసి పంపండి, కలిసి చూద్దాం.