కూలెంట్ తగ్గుతోంది, కింద చుక్క కనపడదు

ప్రశ్న: మాది 2011 మోడల్ డీజిల్ కారు, 1248 సీసీ ఇంజిన్. లక్షా డెబ్బై వేల కిలోమీటర్లు తిరిగింది. పది రోజుల్లో కూలెంట్ డబ్బాలో మట్టం పై గీత నుంచి కింది గీతకు దిగిపోతోంది. బండి కింద తడి లేదు, టెంపరేచర్ సూది ఎక్కలేదు. మెకానిక్ మాత్రం బానెట్ ఎత్తి చూసి హెడ్ గ్యాస్కెట్ పోయిందన్నాడు. హెడ్ దించాల్సిందేనా?
- ఒక పాఠకుడు, సూర్యాపేట

జవాబు: అప్పుడే దించనివ్వకండి. హెడ్ అంటే ఇంజిన్ పైభాగం, దానికీ కింది బ్లాక్‌కూ మధ్య ఉండే సీలే హెడ్ గ్యాస్కెట్. ముందు ప్రెషర్ టెస్ట్ చేయించండి, అదీ పొద్దున్నే, ఇంజిన్ స్టార్ట్ చేయకముందు. పాత బండ్లలో చాలా లీకులు చల్లగా ఉన్నప్పుడే కారతాయి. వేడెక్కాక పైపూ మెటలూ వ్యాకోచించి సందు మూసుకుంటుంది. కారిన కాస్తా వేడి ఇంజిన్ మీదే ఆవిరైపోతుంది కాబట్టి నేల మీదికి చుక్క రాదు.

ఈ టెస్ట్‌కు గేజి ఉన్న చేతి పంపును కూలెంట్ డబ్బా మూత స్థానంలో బిగిస్తారు. మూత మీద ప్రెషర్ ఎంతో బార్లలో 0.9, 1.1, 1.4 ఇలా ఏదో ఒక అంకె అచ్చువేసి ఉంటుంది. అంతవరకే గాలి కొట్టాలి. దాటితే బాగున్న రేడియేటర్ కూడా పగలొచ్చు. ఇరవై నిమిషాలు ఆగి చూడండి. ముల్లు దిగుతుంటే టార్చి వేసి వెతకాలి. తడి లేకపోయినా, ఎండిన కూలెంట్ తెల్లగానో పచ్చగానో గులాబీ రంగులోనో పొక్కు కట్టి ఉంటే లీకు అక్కడే.

ముందు వాటర్ పంపు చూడండి. దాని ఒంటి మీద, షాఫ్టు దగ్గర చిన్న రంధ్రం ఉంటుంది. లోపలి సీలు అరిగితే కూలెంట్ అక్కడి నుంచే బయటికి వస్తుంది. ఆ రంధ్రాన్ని ఎం-సీల్ పెట్టి మూసేవాళ్లు ఉన్నారు. అలా మూస్తే నీళ్లు బేరింగులోకి పోయి పంపు మొత్తం పట్టేస్తుంది. మీ ఇంజిన్‌లో వాల్వుల్ని నడిపే టైమింగ్ చైను వేరే, పంపు బయటి బెల్టుతోనే తిరుగుతుంది. కాబట్టి టైమింగ్ ముట్టకుండానే మార్చొచ్చు. పాత గ్యాస్కెట్ గీకేటప్పుడు అల్యూమినియం మీద గాట్లు పడనివ్వకండి. బోల్టులు ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించాలి. పంపు తీసినప్పుడు బెల్టు కూడా కొత్తది వేయించుకోవడం మేలు.

పంపు బాగుంటే రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు అల్యూమినియంతో కలిసే అంచు, థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్ దారి తెరిచే వాల్వు) డబ్బా, పైపుల క్లిప్పులు చూడండి. కంపెనీ స్ప్రింగు క్లిప్పు తీసేసి స్క్రూ క్లిప్పు వేసి ఉంటే అక్కడ అనుమానించాలి. స్ప్రింగు క్లిప్పు పైపుతో పాటు సాగి ముడుచుకుంటుంది, స్క్రూది అలా కాదు. ఎడమవైపు కాళ్ల దగ్గర కార్పెట్ జిగటగా తడిసి, తియ్యని వాసనతో అద్దం మసకబారితే హీటర్ కోర్, అంటే కారు లోపలికి వేడి గాలి ఇచ్చే చిన్న రేడియేటర్, పోయినట్టే. ఏసీ నీరైతే రంగూ జిగటా ఉండవు.

ముల్లు కదలకుండా నిలిస్తే అప్పుడు లోపలి లీకు గురించి ఆలోచించాలి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాల్లోనే రేడియేటర్ పై పైపు రాయిలా గట్టిపడితే సిలిండర్ గ్యాసు కూలెంట్‌లోకి వస్తోందని అర్థం. నీలం ద్రవం పోసే బ్లాక్ టెస్టర్‌తో రూఢి చేసుకోండి. గ్యాసు వస్తుంటే పెట్రోల్ బండికి ద్రవం పసుపురంగుకు మారుతుంది, డీజిల్‌కు ఆకుపచ్చ వరకే రావచ్చు. అది తెలియక బాగానే ఉందనుకునేవాళ్లున్నారు. కూలెంట్ డబ్బాలో నూనె తేలుతూ, డిప్‌స్టిక్ మీద నూనె మాత్రం శుభ్రంగా ఉంటే హెడ్ కన్నా ముందు ఆయిల్ కూలర్‌ని (కూలెంట్‌తో ఇంజిన్ నూనెను చల్లబరిచే భాగాన్ని) అనుమానించండి. ఇంజిన్ నడిచేటప్పుడు కూలెంట్ ప్రెషర్ కన్నా నూనె ప్రెషర్ ఎక్కువ, అందుకే నూనె ఇటు వస్తుంది.

రిపేరుకు ఎంత కూలెంట్ దించారో కొలిచి ఉంచుకుని, అయ్యాక దాదాపు అంతా తిరిగి పట్టిందో లేదో చూసుకోండి. తక్కువ పడితే లోపల గాలి ఉన్నట్టే. హీటర్ పూర్తి వేడి మీద పెట్టి, నిదానంగా నింపి, ఫ్యాన్ తిరిగేదాకా నడపాలి. హీటర్ పైపులు రెండూ వేడెక్కాలి. కాన్సంట్రేట్ కూలెంట్ అయితే సగానికి సగం డిస్టిల్డ్ వాటర్ కలపండి. బోరు నీళ్లు వద్దు, ఉప్పు పేరుకుంటుంది. కొన్న కూలెంట్ డబ్బా మీద రెడీమిక్స్ అని ఉంటే నీళ్లు కలపనక్కర్లేదు.

ప్రశ్న: రేడియేటర్‌లో పసుపు వేస్తే లీకు ఆగుతుందంటారు. నిజమేనా?
- ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: సూదిమొనంత రంధ్రమైతే కొంతసేపు ఆగుతుంది. ఊరికి దూరంగా ఆగిపోయి, ఇల్లు చేరడానికి వేరే దారి లేనప్పుడు తప్పు పట్టలేం. కానీ రంధ్రాన్ని మూసే పొడే హీటర్ కోర్ సన్నగొట్టాలనూ మూస్తుంది. పంపు సీలు లీకునైతే అసలు ఆపలేదు. వేశారా, చేరగానే మొత్తం దించి, శుభ్రమైన నీరు వచ్చేదాకా ఫ్లష్ చేయించండి.

ప్రశ్న: దారిలో సూది ఎర్రగీత దగ్గరికి వెళ్లి, దానంతటదే కిందికి దిగింది. సర్దుకుందనుకోవచ్చా?
- ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: అనుకోవద్దు. కూలెంట్ అడుగంటితే సెన్సార్ గాలిలో ఉండిపోయి సూది పడిపోతుంది, ఇంజిన్ మాత్రం కాలుతూనే ఉంటుంది. వెంటనే ఆపి ముప్పావు గంట చల్లారనివ్వండి. మందపాటి గుడ్డ వేసి, మూత పావు చుట్టు తిప్పి, బుస ఆగాకే పూర్తిగా తీయండి. వేడి ఇంజిన్‌లో చన్నీళ్లు పోస్తే హెడ్ పగలొచ్చు.