లంక పీహెచ్‌సీలో చేరబోతున్న బుజ్జికి

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీకు గోదావరి లంకల్లో పీహెచ్‌సీ, అదే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, ఇచ్చారనీ, నువ్వేమో రోజూ కాకినాడ నుంచి వెళ్లొస్తానన్నావనీ మీ అమ్మ నిన్న ఫోన్‌లో చెప్పింది. మొదటి మాటకి కళ్లు చెమర్చాయి, రెండో మాటకి ఒళ్లు మండింది. మన ఇంట్లో నువ్వే మొదటి డాక్టరువి. నేను ఏఎన్‌ఎంగా, అంటే ఊళ్లో తిరిగే నర్సుగా చేరి, సూపర్‌వైజరుగా దిగిపోయినదాన్ని. నీ చదువు ముందు నాదెంతలే కానీ, ఆ ఏటిగట్లు నాకు తెలిసినంత నీకు తెలీవు. కాబట్టి విను.

చేరడం గురించి ఒక్క మాట. ఛార్జి తీసుకునేటప్పుడు స్టాకు రిజిస్టరులో అంకె చూసి సంతకం పెట్టకు, బీరువా తెరిచి లెక్కపెట్టి పెట్టు. మిగతా కాగితాలు సీనియర్ అసిస్టెంటు చూసుకుంటాడు.

అంతకన్నా ముందు నువ్వు ఎవరి మనిషివో తెలుసుకో. ఢిల్లీలో ఆరోగ్య మంత్రిత్వ శాఖ ఉంది కదా, అంతా అక్కణ్ణుంచే నడుస్తుందనుకుంటారు జనం. మన రాజ్యాంగంలో ఆసుపత్రులు రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. నీ ఉద్యోగం, నీ బదిలీ, నీ కుర్చీ అన్నీ రాష్ట్రానివే. ఢిల్లీ నుంచి వచ్చేవి కార్యక్రమాలు, ప్రమాణాలు, లెక్కల ఫారాలు, జాతీయ ఆరోగ్య మిషన్ డబ్బు. ఆ డబ్బులో కేంద్రం 60 పాళ్లు, రాష్ట్రం 40 పాళ్లు. పిల్లల టీకాలు కేంద్రం కొని పంపుతుంది. బీపీ మాత్రలూ సెలైన్లూ మన రాష్ట్ర మందుల కొనుగోలు సంస్థ ఏపీఎంఎస్‌ఐడీసీ కొని జిల్లా మందుల గోడౌన్‌కి చేరుస్తుంది. ఒకే గదిలో ఉన్న సామాను ఇన్ని దారుల్లో వస్తుందన్నమాట. ఏదైనా నిండుకుంటే మీ ఫార్మసిస్టు 'పైవాళ్లు పంపలేదండీ' అంటాడు. ఏ పైవాళ్లో నీకు తెలియకపోతే ఫోన్ చెయ్యడానికి కూడా నంబరుండదు.

ఇక మన రాష్ట్రంలో చూడు. సబ్‌సెంటర్లు, పీహెచ్‌సీలు ప్రజారోగ్య శాఖవి. జిల్లాలో డీఎంహెచ్‌ఓ గారు, అంటే జిల్లా వైద్య ఆరోగ్య అధికారి, పెద్ద. సీహెచ్‌సీలు, అంటే పీహెచ్‌సీకి పై మెట్టు ఆసుపత్రులు, ఏరియా ఆసుపత్రులు వేరే. మా రోజుల్లో వాటిని వైద్య విధాన పరిషత్ అనేవాళ్లం, 1986 చట్టంతో వచ్చింది. ఇప్పుడు సెకండరీ హెల్త్ అంటున్నారు. వాటికి జిల్లాలో డీసీహెచ్‌ఎస్ అని వేరే అధికారి ఉంటారు. కాకినాడ జీజీహెచ్, అదే ప్రభుత్వ పెద్దాసుపత్రి, లాంటి బోధనాసుపత్రులు డీఎంఈ, అంటే వైద్య విద్య డైరెక్టరు కింద. మూడూ సర్కారువే, ఇల్లు ఒకటే, పొయ్యిలు మాత్రం మూడు. ఈ మూడు పొయ్యిల సంగతి ఎందుకు ఇంత చెబుతున్నానో కింద చదివితే తెలుస్తుంది.

'కేసుని దగ్గర్లో పెద్దాసుపత్రికి పంపేశాం' అనే మాట నీ నోట రాకూడదు. ఈ ఉత్తరం అసలు దాని కోసమే. ఆ తప్పు మా తరమంతా చేసింది, నేనూ చేశాను. గోడ మీద చార్టులో బాణాలుండేవి. సబ్‌సెంటర్ నుంచి పీహెచ్‌సీకి, పీహెచ్‌సీ నుంచి సీహెచ్‌సీకి, అక్కణ్ణుంచి జిల్లాకి. మేం మనిషిని చూసి పంపేవాళ్లం కాదు, ఆ బాణాన్ని చూసి పంపేవాళ్లం. నెలలు నిండిన పిల్ల, బీపీ 170/110, గుర్రపువాతం, అదే బీపీ పెరిగి వచ్చే ఫిట్స్, వచ్చి ఒకసారి కొట్టుకుంది. పావు ఠావు కాగితం మీద 'మెరుగైన వైద్యం కోసం పంపడమైనది' అని రాసి, ముద్ర కొట్టి చేతిలో పెట్టేవాళ్లం. ముద్ర మాత్రం గుండ్రంగా, చక్కగా పడేది. ఎన్ని గంటలకు బయల్దేరిందో ఆ కాగితంలో లేదు. బీపీ లేదు. ఏ సూది ఎంత చేశామో లేదు.

సీహెచ్‌సీ అంటే లెక్కలో 30 పడకలు, ఆపరేషన్ థియేటరు. కానీ సిజేరియన్ చేసేది థియేటరు కాదు కదమ్మా. కాన్పుల డాక్టరుండాలి, మత్తు డాక్టరుండాలి, బిడ్డను చూసే డాక్టరుండాలి, ఫ్రిజ్‌లో రక్తం ఉండాలి. మత్తు డాక్టరు సెలవులో ఉన్న రోజున అది కాస్త పెద్ద గోడలున్న పీహెచ్‌సీయే. వాళ్లు మాత్రం ఏం చేస్తారు? ఇంకో చీటీ రాసి ఇంకా పైకి పంపుతారు. మళ్లీ బండి కోసం చూడ్డం, మళ్లీ స్ట్రెచర్, మళ్లీ పేరూ ఊరూ రాయించడం. రక్తం పోతున్న మనిషికి ఆ గంట ఎవరు తిరిగిస్తారు? మత్తు డాక్టరు సెలవన్న సంగతి మనకెందుకు తెలీలేదంటే, పొయ్యిలు వేరు గనక. వాళ్ల డ్యూటీ చార్టు తెచ్చి మన గోడకి ఎవరూ అంటించరు.

దీనికన్నా నాకు భయం వేసేది సూది విషయంలో. గుర్రపువాతం కేసుని పంపే ముందు మెగ్నీషియం సల్ఫేట్ 10 గ్రాములు ఇస్తాం. 50 శాతం మందు, 2 మి.లీ. ఆంప్యూల్‌కి 1 గ్రాము, ఒక్కో పిరుదుకి అయిదేసి ఆంప్యూల్స్, కండలోకి లోతుగా. అది చీటీలో రాయకపోతే అక్కడి సిస్టరు మళ్లీ మొదటి డోసు వేస్తుంది. ఆవిడ తప్పేం లేదు, చీటీలో లేదు కదా. రెండు డోసులూ పడితే ముందు మోకాలి కుదుపు పోతుంది, తర్వాత ఊపిరి మందగిస్తుంది. దానికి విరుగుడు కాల్షియం గ్లూకోనేట్. అది బీరువాలో కాదు, అదే ట్రేలో పక్కనే ఉండాలి. నేను చెప్పిన ఆ పిల్ల దక్కింది. బిడ్డ సంగతి అడక్కు.

అందుకని రోజూ పొద్దున్నే ఓపీ మొదలవక ముందు స్టాఫ్ నర్సు చేత మూడు ఫోన్లు చేయించు: దగ్గర సీహెచ్‌సీకి, అమలాపురానికి, కాకినాడ జీజీహెచ్ కాన్పుల వార్డుకి. మత్తు డాక్టరున్నారా, పిల్లల డాక్టరున్నారా, ఏ గ్రూపు రక్తం ఉంది? జవాబులు లేబర్ రూమ్ పలక మీద సుద్దతో రాయించు. నీకు అవసరం పడేది రాత్రి రెండింటికి. అప్పుడు ఎవరికి ఫోన్ చేసినా ఎత్తరు, పలకే చెప్పాలి. దాన్ని చూసి అవసరమైతే మధ్యలో ఆగకుండా నేరుగా కాకినాడకే పంపు. ఎందుకు దాటించావని ఎవరైనా అడిగితే పలక చూపించు.

చీటీలో బయల్దేరిన టైము, బీపీ, నాడి, హిమోగ్లోబిన్, బ్లడ్ గ్రూపు, ఇచ్చిన మందు, మోతాదు, ఏ టైముకి ఇచ్చారు, అవతల ఫోన్‌లో మాట్లాడింది ఎవరు, ఇవన్నీ ఉండాలి. కార్బన్ పెట్టి రెండు కాపీలు. ఒకటి కేసుతో వెళ్లే మనిషి చేతికి, ఇంకోటి మీ ఫైలుకి. సెలైన్ సూది ఇక్కడే పెట్టి పంపాలి. 108 బండి కుదుపుల్లో నరం దొరకదు. రక్తం ఇవ్వగలిగిన చుట్టాలను ఇద్దరిని కూడా ఎక్కించు.

ఆక్సిటోసిన్ ఫ్రిజ్‌లోనే ఉండాలి, 2 నుంచి 8 డిగ్రీల మధ్య. చేతికి అందుతుందని లేబర్ రూమ్ ట్రేలో వదిలేస్తారు. రోహిణీ కార్తెలో అది మందు కాదు, నీళ్లు. బిడ్డ పుట్టిన నిమిషంలో 10 యూనిట్లు పడాలి, పడ్డది పనిచేయాలి. టీకాలకి వేడొక్కటే శత్రువనుకుంటారు, చలీ శత్రువే. పెంటావాలెంట్, టీడీ (ధనుర్వాతం, కంఠసర్పి టీకా) గడ్డకట్టాయంటే పారెయ్యాల్సిందే. ఐఎల్‌ఆర్‌లో, అదే టీకాల ఫ్రిజ్‌లో, అవి పై బుట్టల్లో ఉండాలి, పోలియో చుక్కలూ ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా) అడుగున. ఐస్‌ప్యాకు ఫ్రీజరులోంచి తీసి నేరుగా క్యారియర్‌లో పెట్టనివ్వకు. చెమట పట్టాలి, చెవి దగ్గర ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినబడాలి. మీ ఏఎన్‌ఎంలకి తెలుసు, అయినా నువ్వు ఓసారి ఊపి చూడు. డాక్టరమ్మ చూస్తుందని తెలిస్తే చాలు.

ఇక వరద. పీహెచ్‌సీకి మైదానంలో 30,000 మంది, సబ్‌సెంటర్‌కి 5,000 అని లెక్క. కాగితం మీద కోనసీమ మైదానమే, మధ్యలో ఏరుందని ఆ లెక్కకి తెలీదు. జూన్ చివరికల్లా ఆశ అమ్మాయిలందరినీ కూర్చోబెట్టి, జులై నుంచి సెప్టెంబరు దాకా కాన్పు తేదీలున్న వాళ్ల జాబితా లంకల వారీగా రాయించు. ధవళేశ్వరంలో గోదావరి 11.75 అడుగులకి చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. నువ్వు దాని కోసం చూడకు. భద్రాచలంలో 43 అడుగులు దాటిందంటే ఆ నీళ్లు మనకే వస్తాయి. ఆ కాస్త వ్యవధిలోనే నెలలు నిండినవాళ్లని ఇవతలి గట్టుకి దాటించాలి. కాజ్‌వే మునిగాక పడవ మీద నొప్పులు పడుతున్న మనిషిని తేవడం నేను చూశాను, నువ్వు చూడకూడదు. గొడ్లూ గిన్నెలూ వదిలి రామంటారు. కలెక్టరు ఉత్తర్వులకి లేవరు, అత్తగారిని ఒప్పిస్తే లేస్తారు. నీళ్లొస్తే పాములు ఇళ్లలోకి వస్తాయి, పాము విరుగుడు ఇంజక్షన్ల ఇండెంట్ వరదకి ముందే పెట్టు.

ఏరు దాటి యానాం వెళ్లేవాళ్లూ ఉంటారు. అక్కడి ఆసుపత్రి పుదుచ్చేరి ప్రభుత్వానిది, నాలుగో పొయ్యి. వెళ్లొద్దని చెప్పకు, దగ్గరైతే వెళ్లనీ. కాన్పయ్యాక ఏఎన్‌ఎం ఇంటికెళ్లి బిడ్డ వివరాలు రాసుకోవాలి. లేకపోతే ఆ బిడ్డ టీకా మన రిజిస్టరులో పడదు.

రోజూ వెళ్లొస్తానన్న మాట మళ్లీ వినకూడదు. ఊళ్లోనే ఇల్లు చూసుకో. మధ్యాహ్నం రెండు దాటినా ఓపీలో కూర్చుని కడుపు మాడ్చుకోకు, నీకు తలనొప్పి చిన్నప్పట్నుంచీ ఉంది. మీ పెదనాన్న చేత టార్చిలైటు, గమ్ బూట్లు, సుద్దముక్కల పెట్టె పంపుతున్నాను. పలక అక్కడే కొనుక్కో, పెద్దది.

వెళ్లిన మొదటి రోజే రేవుకి నడిచి వెళ్లి, పంటు ఆఖరి ట్రిప్పు ఎన్నింటికో, ఆ తర్వాత లంకకి పడవ వేసే మనిషి ఎవరో, ఇల్లెక్కడో కనుక్కో. ఆ నంబరు కూడా పలక మీదే.

మీ పెద్దమ్మ