పాలు తాగితే పాపకు చెమటలు.. గుండె ఆపరేషన్ ఆగొచ్చా?

ప్రశ్న: మాది అనంతపురం. బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. పాపకు నాలుగో నెల. పాలు తాగేటప్పుడు ఆయాసపడుతుంది, ఫ్యాన్ కింద ఉన్నా నుదుటికి చెమట పడుతుంది. మొదట కడుపునొప్పి అన్నారు, తర్వాత నెమ్మన్నారు. ఎకో (గుండె స్కాన్) తీశాక గుండె పెద్దదైందని, ఎడమ కరొనరీ ధమని తప్పు చోట కలిసిందని, వెంటనే ఆపరేషన్ చేయాలని చెప్పారు. ఐదో నెలలో తిరుపతిలో పుట్టువెంట్రుకలు తీయించాక చేయిద్దామంటున్నారు మావాళ్లు. మందులతో తగ్గదా? కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూశాను, అందుకేనా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, గ్రహణానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. మీరు తిన్నదానివల్లో, చేసినదానివల్లో వచ్చింది కాదు. కడుపులో గుండె తయారవుతున్న తొలి వారాల్లోనే జరిగిన లోపం ఇది. డాక్టర్లు అల్కాపా అంటారు. సుమారు మూడు లక్షల మంది పిల్లల్లో ఒకరికి వస్తుంది. అందుకే తొలిసారి చూసినవాళ్లు నెమ్మనుకోవడం మామూలే.

గుండె కండకు మంచి రక్తం ఇచ్చే రెండు కరొనరీ ధమనులూ, గుండె నుంచి ఒంటికంతా రక్తం తీసుకెళ్లే బృహద్ధమని నుంచి రావాలి. మీ పాపకు ఎడమది ఊపిరితిత్తులకు వెళ్లే నాళం నుంచి వచ్చింది. అందులో ఉండేది ఆక్సిజన్ తక్కువున్న రక్తం. కడుపులో ఉన్నప్పుడు రెండు నాళాల్లోనూ ఒత్తిడి దాదాపు సమానం, కాబట్టి ఇబ్బంది తెలియదు. పుట్టాక కొన్ని వారాల్లో ఊపిరితిత్తుల వైపు ఒత్తిడి పడిపోతుంది. ఇక ఎడమ ధమనిలోకి రక్తం సరిగా ఎక్కదు. పైగా కుడి ధమని పంపిన మంచి రక్తం కూడా ఎడమ ధమని గుండా వెనక్కి, ఊపిరితిత్తుల నాళంలోకి జారిపోతుంది. ఎడమ గది కండ ఆకలితో నీరసించి సాగిపోతుంది, దాని కవాటం లీకవుతుంది. పసిపిల్లకు పాలు తాగడమే పెద్ద పని. రెండు గుటకలకే వదిలేసి ఏడవడం, ఆ చెమట, అన్నీ గుండె అలసిపోతున్న గుర్తులే.

మందులు ఊపిరితిత్తుల్లో చేరిన నీటిని తగ్గించి ఆపరేషన్ దాకా పాపను నిలబెడతాయి, అంతే. ధమనిని అవి సరిచేయలేవు. ఆపరేషన్ చేయకపోతే ఇలాంటి పిల్లల్లో ఎక్కువమంది మొదటి ఏడాది దాటరు. ఈ మాట రాయడం నాకూ కష్టంగానే ఉంది, కానీ మీ ఇంట్లోవాళ్లకు తెలియాలి. 'ఫలానా ఆయనకు పెద్దయ్యాకే బయటపడిందట' అని ఎవరైనా చెప్పొచ్చు. వాళ్లలో కుడి ధమని కొమ్మలు బాగా విస్తరించి కాపాడాయి. మీ పాపకు అప్పుడే గుండె పెద్దదైంది కాబట్టి ఆ ధీమా పనికిరాదు.

సర్జన్ ఆ ధమనిని విడదీసి బృహద్ధమనికి కుడతారు. తర్వాత కొన్ని రోజులు ఐసీయూలో టెన్షన్ తప్పదు. రక్తం అందక మొద్దుబారిన కండ చాలామంది పిల్లల్లో నెలల్లో మళ్లీ పుంజుకుంటుంది. పెద్దవాళ్ల హార్ట్ ఫెయిల్యూర్‌లో ఇంత కోలుకోవడం అరుదుగా చూస్తాం. లీకు కూడా చాలావరకు తగ్గుతుంది.

పుట్టువెంట్రుకలు ఏడో నెలలోనో, తొమ్మిదో నెలలోనో తీయించొచ్చు. ఖర్చు ఇబ్బందైతే వైట్‌ఫీల్డ్ సత్యసాయి ఆసుపత్రిలో గుండె ఆపరేషన్లు ఉచితం. ఇంత చిన్న పాపకు వెంటనే చేయగలరా అని రేపే కనుక్కోండి. అప్పటిదాకా పాలు కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు పట్టండి. మందు ఒక్క డోసూ మానకండి. పెదవులు పాలిపోయినా, ఎగశ్వాస వచ్చినా, పాలు పూర్తిగా మానేసినా అర్ధరాత్రైనా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి, ఎకో రిపోర్టు చేతిలోనే ఉంచుకోండి.