క్లచ్ పెడల్ ఊగుతోంది, రివర్స్ గేరు కరకరమంటోంది: బుష్ మారిస్తే సరిపోతుందా?

ప్రశ్న: మా పెదనాన్నగారు వాడిన 1972 నాటి ఎంజీబీ స్పోర్ట్స్ కారు ఇప్పుడు నా దగ్గర ఉంది. కొంతకాలంగా క్లచ్ పెడల్ పక్కలకు ఊగుతోంది. పూర్తిగా తొక్కినా రివర్స్ గేరు కరకరమంటూ పడుతోంది. మెకానిక్ మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ను నెట్టే భాగం) మార్చాలంటున్నారు. పెడల్ బుష్‌లు (పెడల్ తిరిగే ఇరుసు చుట్టూ ఉండే చిన్న గొట్టాలు) అరిగాయేమోనని నా అనుమానం. వాటిని ఇంట్లోనే మార్చుకోవచ్చా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మార్చుకోవచ్చు. అయితే మీరు చెప్పినవి రెండు వేర్వేరు లక్షణాలు. పెడల్ పక్కలకు ఊగుతోందంటే బుష్ అరిగినట్టే. గేరు కరకరమనడానికి మాత్రం, పెడల్ కడ్డీని మాస్టర్ సిలిండర్ పుష్‌రాడ్‌తో (నెట్టే కడ్డీతో) కలిపే క్లెవిస్ పిన్నును ముందుగా అనుమానించాలి. ఈ కారులో క్లచ్ హైడ్రాలిక్ పద్ధతిలో, అంటే ఆయిల్ ఒత్తిడితో పనిచేస్తుంది, కేబుల్ క్లచ్‌లో మాదిరిగా అరుగుదలను బిగించి సరిచేసే ఏర్పాటు ఇందులో లేదు కనుక, పిన్ను దగ్గర ఏర్పడిన వదులంతా తొక్కుడులోంచి వృథాగా పోతుంది. పాదం ఆనే చోటు నుంచి ఇరుసుకు ఉన్న దూరం, పిన్ను నుంచి ఇరుసుకు ఉన్న దూరానికి అయిదు రెట్లు ఉందనుకుంటే, పిన్ను దగ్గర ఒక మిల్లీమీటరు వదులు పాదం కింద అయిదు మిల్లీమీటర్లవుతుంది. రివర్స్‌కు సింక్రోమెష్ (గేర్ల వేగాలను సమం చేసే ఏర్పాటు) లేకపోవడం వల్ల క్లచ్ పూర్తిగా విడవకపోతే ఆ లోపం ఆ గేరులోనే ముందు బయటపడుతుంది.

ఏదైనా విప్పే ముందు ఇంజన్ వైపు నుంచి పెడల్ బాక్సు మూత తీసి, ఇంట్లో ఎవరినైనా పెడల్‌ను చేత్తో నెమ్మదిగా నొక్కమనండి. పెడల్ కదిలాక పుష్‌రాడ్ ఎంత ఆలస్యంగా కదులుతోందో టార్చి వెలుగులో స్పష్టంగా కనిపిస్తుంది. తరువాత గేరుబాక్సు పక్కనున్న స్లేవ్ సిలిండర్ (ఆ ఆయిల్ ఒత్తిడితో క్లచ్‌ను విడదీసే భాగం) పుష్‌రాడ్ ఎంత జరుగుతోందో కొలవండి; సుమారు అర అంగుళం జరగాలి. అంత జరుగుతున్నా గేరు కరకరమంటే లోపం క్లచ్‌లోనే ఉంది, పెడల్ దగ్గర ఎంత పని చేసినా ఫలితం ఉండదు. ఈ కొలతలు చూడకుండానే మాస్టర్ సిలిండర్ మార్చాలనడం తొందరపాటని నా అభిప్రాయం.

ఇక పని విషయం. ఇది అంగుళాల కొలతల బండి. అర అంగుళపు నట్టుకు 13 ఎం.ఎం. పానా పట్టినట్టే అనిపించినా 0.3 మి.మీ. వదులుగా ఉండి మూలలు గుండ్రపడతాయి, కాబట్టి అంగుళాల పానాలే వాడండి. స్ప్లిట్ పిన్ను (క్లెవిస్ పిన్ను జారిపోకుండా పట్టి ఉంచేది), క్లెవిస్ పిన్ను తీసేస్తే పుష్‌రాడ్ విడిపోతుంది. హైడ్రాలిక్ పైపుల జోలికి పోనంతవరకు పైపుల్లోంచి గాలి (ఎయిర్) తీయవలసిన అవసరం రాదు. పెడల్ స్ప్రింగు విప్పేటప్పుడు రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి. క్లచ్, బ్రేకు పెడళ్లు రెండూ ఒకే ఇరుసు మీద వేలాడతాయి గనుక, ఎలాగూ విప్పుతున్నప్పుడు బ్రేకు పెడల్ బుష్‌ను కూడా చూడండి.

బయటికి తీసిన క్లెవిస్ పిన్నును కిరోసిన్‌తో తుడిచి, దాని పొడవునా గోరుతో గీయండి. గోరు ఎక్కడైనా మెట్టులో తట్టుకుంటే ఆ పిన్ను పనికిరాదు. ఇరుసునూ అలాగే పరీక్షించండి. పెడల్ కడ్డీలోని రంధ్రం కోలగా మారి ఉంటే కొత్త పిన్ను ఒక్కటే వేసి ప్రయోజనం లేదు. వెల్డింగ్‌తో పూడ్చి, అసలు కేంద్రం గుర్తించి, మళ్లీ డ్రిల్ చేయించాలి. ఇది ఇంట్లో చేసే పని కాదు.

బుష్ దొరకకపోతే విజయవాడ ఆటోనగర్‌లో లేత్ పనిచేసే చోట గన్‌మెటల్‌తో (ఒక రకం కంచుతో) చేయించుకోవచ్చు. చాలామంది పాత బుష్ ఒక్కటే నమూనాగా పట్టుకెళ్తారు. టర్నరు అరిగిన కొలతకే కొత్తది చేసిస్తాడు. పెడల్, ఇరుసు రెండూ తీసుకెళ్లండి. బుష్‌ను పెడల్‌లోకి నొక్కినప్పుడు దాని లోపలి వ్యాసం కొద్దిగా తగ్గుతుంది, అందుకే నొక్కిన తరువాతే ఇరుసుకు సరిపోయేలా రీమర్ (రంధ్రాన్ని కచ్చితమైన కొలతకు తెచ్చే పనిముట్టు) వేయించాలి. సుమారు 0.05 మి.మీ. ఖాళీ ఉంటే పెడల్ ఊగకుండా, పట్టేయకుండా తిరుగుతుంది. నైలాన్ బుష్ చవకే కానీ తేమకు కొంచెం ఉబ్బుతుంది; మన కృష్ణా తీరపు వానకాలానికి గన్‌మెటలే మేలు.

ఇంట్లో నొక్కదలిస్తే సుత్తితో కొట్టకండి. పొడవాటి బోల్టు, రెండు మందపాటి వాషర్లు, నట్టు తీసుకుని, నట్టు బిగిస్తూ బుష్‌ను నిదానంగా లోపలికి లాగండి. లిథియం గ్రీజు పలుచగా రాసి బిగించండి. స్ప్లిట్ పిన్నులు కొత్తవే వేయండి, ముఖ్యంగా బ్రేకు వైపు. బ్రేకు పెడల్ పైన స్వల్పంగానైనా ఖాళీ ప్రయాణం ఉండాలి. లేకపోతే మాస్టర్ సిలిండర్‌లోని ఆయిల్ వెనక్కు పోక బ్రేకులు పట్టుకునే ఉంటాయి.

రోడ్డెక్కే ముందు ఇంటి ఆవరణలోనే బ్రేకు చూసుకోండి. ఆ తరువాత ఇంజన్ నడుస్తుండగా క్లచ్ తొక్కి, నాలుగైదు సెకన్లు ఆగి రివర్స్ వేయండి. అప్పటికీ కరకరమంటూ, స్లేవ్ పుష్‌రాడ్ కదలిక కూడా తక్కువగానే ఉంటే, అప్పుడు సిలిండర్ల సీళ్లు చూపించండి.