మొగ్గ మెడ దగ్గర ఆగు

తమ్ముడూ,

వైరస్‌లు కణంలోంచి ఎలా బయటపడతాయో చెబుతూ నువ్వు రాసిన వ్యాసం చదివాను. చదివించే గుణం ఉంది, భాష హాయిగా సాగింది, అందుకే ఇంత పొడుగు ఉత్తరం. నా అభ్యంతరమల్లా ఒక్కటే. మొదటి పేరాలోనే ‘వైరస్ కణాన్ని బద్దలుకొట్టుకుని బయటపడుతుంది’ అని తేల్చేసి, అక్కణ్నుంచి జ్వరం, దగ్గు, జాగ్రత్తలు అంటూ వెళ్లిపోయావు. అసలు కథంతా ఆ ఒక్క వాక్యం కింద పడిపోయింది.

బద్దలుకొట్టేవి లేవని కాదు. బాక్టీరియాకి సోకే ఫేజ్ అనే వైరస్‌లు చాలావరకు అంతే: ఒక ప్రోటీన్ లోపలి పొరకి చిల్లులు పెడుతుంది, ఒక ఎంజైమ్ గోడని కరిగిస్తుంది, బాక్టీరియా పగిలిపోతుంది. కానీ నువ్వు రాసింది హెచ్ఐవీ గురించి, ఫ్లూ గురించి. అవి కణం బతికుండగానే దాని పొరని మొగ్గలా ఉబ్బించి, ఆ పొరలోనే ఒక ముక్కని ఒంటికి చుట్టుకుని విడిపోతాయి. ఇలాంటి వైరస్‌ల మీద సబ్బు అంత బాగా ఎందుకు పనిచేస్తుందో కూడా ఇక్కడే తెలిసిపోతుంది, ఆ పైపొర కొవ్వుతో చేసింది, అదీ మన కణం కొవ్వే.

నా మాట విని ముందు హెచ్ఐవీ ఒక్కదాన్నే పట్టుకో. గ్యాగ్ అనే వైరస్ ప్రోటీన్ అణువులు రెండువేలకు పైగా కణపొర లోపలి వైపుకి చేరి ఒకదాన్నొకటి పట్టుకుంటూ పోతాయి, అవి పేరుకునేకొద్దీ పొర బయటికి వంగి గుండ్రంగా ఉబ్బుతుంది, చివరికి వంద నానోమీటర్లు దాటిన చిన్న బంతి ఒకటి సన్నటి మెడతో కణానికి వేలాడుతూ మిగులుతుంది. నువ్వు ఆగాల్సింది ఇక్కడ. ఆ మెడ తెగాలి. ఎవరు తెంచుతారు?

సంచి మూతిని బయటి నుంచి తాడేసి బిగించడం తేలిక. కణం బయటి సరుకుని తిత్తుల్లో లోపలికి తీసుకునేటప్పుడు డైనమిన్ అనే ప్రోటీన్ చేసేది ఆ పనే. కానీ వైరస్ మొగ్గ బయటి వైపుకి పోతోంది కదా, దాని మెడని లోపలి నుంచే బిగించాలి. ఆ పని చేసే ప్రోటీన్ల గుంపు కణంలోనే ఉంది, పేరు ఎస్కార్ట్. ఒక కణం రెండుగా చీలేటప్పుడు చివర్లో మిగిలే సన్నటి బంధాన్ని తెంచేవి కూడా ఇవే. గ్యాగ్ చివరి భాగంలో నాలుగు అమైనో ఆమ్లాల వరుస ఉంటుంది: ప్రోలీన్, థ్రియోనీన్, అలనీన్, మళ్లీ ప్రోలీన్. అది ఎస్కార్ట్ గుంపులోని టీఎస్‌జీ101 అనే కణ ప్రోటీన్‌కి అతుక్కుంటుంది. దాని వెంట మిగతావి వచ్చి చేరతాయి, మెడ లోపల ఎస్కార్ట్-3 పోగులు చుట్టలు చుట్టుకుంటాయి, వీపీఎస్4 ఎంజైమ్ కణానికి ఇంధనంలాంటి ఏటీపీని ఖర్చుపెడుతూ ఆ పోగుల్ని విప్పుతుంటుంది, మెడ సన్నబడి తెగిపోతుంది. గ్యాగ్‌కీ టీఎస్‌జీ101కీ ఉన్న ఈ లంకె 2001లో బయటపడింది. ఆ నాలుగింటి వరుస చెడగొడితే మొగ్గలైతే వస్తాయి, కానీ విడిపోవు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఫొటోల్లో కణం అంచునే వేలాడుతూ కనిపిస్తాయి. అలాంటి ఫొటో ఒకటి ఎదురుగా పెట్టుకుని రాయి, నీ వాక్యాలు వాటంతటవే మారతాయి.

‘వైరస్ తెలివిగా’, ‘కుట్ర పన్ని’ లాంటివన్నీ కొట్టెయ్. ఒక ప్రోటీన్ ఇంకో ప్రోటీన్‌కి అతుక్కుంది, అంతకుమించి అక్కడ ఏమీ లేదు. కుట్ర అని రాసేస్తే ‘ఎలా’ అని అడగాలని చదివేవాడికి తోచదు, నీకూ తోచదు. నన్నడిగితే ఇలాంటి వ్యాసాలు పాడయ్యేది ఎక్కువగా అక్కడే.

ఫ్లూని హెచ్ఐవీతో ఒకే గాటన కట్టావు, అది కుదరదు. ఫ్లూకి ఎస్కార్ట్ అక్కర్లేదు, దాని సొంత ఎం2 ప్రోటీనే మెడని తెంచుతుంది. అయితే తెగాక కూడా చిక్కుంది. కణం మీద ఉండే సియాలిక్ ఆమ్లం అనే చక్కెరకి ఫ్లూ వైరస్ అతుక్కునే ఉంటుంది, వైరస్ సొంత ఎంజైమ్ న్యూరామినిడేస్ ఆ చక్కెరని కోస్తేనే కదులుతుంది. 1999లో అమెరికాలో అనుమతి పొందిన ఒసెల్టమివిర్ అనే ఫ్లూ మందు అడ్డుకునేది ఆ కోతనే. కాబట్టి ‘ఈ మందు వైరస్‌ని చంపుతుంది’ అన్న నీ వాక్యం తప్పు. వైరస్‌లు తయారవుతూనే ఉంటాయి, కాకపోతే కణానికీ ఒకదానికొకటీ అంటుకుని గుంపుగా ఇరుక్కుపోతాయి.

కరోనా పేరా తీసెయ్. అది మొగ్గ తొడిగేది కణం లోపలి గదుల్లో, బయటి పొర దగ్గర కాదు. అది వేరే వ్యాసం. ఆ చోటులో టెథరిన్ గురించి రాయి: తెగిపోయిన హెచ్ఐవీని కూడా కణపొరకి కట్టిపడేసే మన ప్రోటీన్ అది, 2008లో గుర్తించారు. వైరస్‌కి చెందిన వీపీయూ ప్రోటీన్ దాన్ని ఆ పొర మీద లేకుండా చేస్తుంది.

తిరగరాసి పంపు. బొమ్మ కూడా వేసేటట్టయితే ఎస్కార్ట్ పోగుల్ని మెడ లోపలి వైపునే గియ్యి.