మాయ, ప్రేమ, నెల దినాలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది మిర్యాలగూడ. కాలేజీకి రోజూ బస్సులో నల్లగొండ పోయి వస్తాను. వచ్చే నెలంతా ప్రేమకథ ఉన్న ఫాంటసీ నవలలే చదవాలని ఉంది. పోయిన నెల ఆరు పుస్తకాలు పెట్టుకుంటే రెండోది నడుమనే ఆగిపోయింది. ఎన్ని పెట్టుకోవాలి? ఏది ముందు చదవాలి?
– డిగ్రీ విద్యార్థిని

జవాబు: ముందు మీ వేగం ఎంతో చూసుకోండి. ఏదైనా నవల మూడో అధ్యాయం తీసి, అరగంటలో ఎన్ని పేజీలైతే అన్ని రాసిపెట్టుకోండి. మొదటి అధ్యాయంతో కొలిస్తే లెక్క తప్పుతుంది. రాజ్యాలు, వంశాలు, పేర్లు ఒంటబట్టడానికే అక్కడ సమయం పోతుంది. తెలుగులో గంటకు 30 పేజీలు, ఇంగ్లీషులో 20 అయ్యాయనుకుందాం. రోజుకు గంట చొప్పున నెలకు 30 గంటలు. 400 పేజీల ఇంగ్లీషు నవలకు 20 గంటలు పోతే, మిగిలిన పదింటిలో 300 పేజీల తెలుగు పుస్తకం ఒక్కటే పడుతుంది. మొత్తం రెండు. ఆరు పెట్టుకోవడమే పొరపాటు, మీ చదువుది కాదు.

ఇప్పుడు వస్తున్న ఈ రకం నవలల్లో చాలావరకు సిరీసులే. మొదటి భాగం ఐదొందల పేజీలు చదివాక ప్రేమికులు చెరో దిక్కున ఉండగా కథ ఆగుతుంది. అందుకని ఒక్క పుస్తకంలో కథ ముగిసేదానితో మొదలుపెట్టండి. డయానా విన్ జోన్స్ 1986లో రాసిన ‘హౌల్స్ మూవింగ్ కాజిల్’ అలాంటిది, ఇంగ్లీషు కూడా తేలిక. టోపీల దుకాణంలో పనిచేసే సోఫీ శాపం తగిలి ముసలమ్మ అయిపోతుంది. ఆ సంగతి నోరు తెరిచి ఎవరికీ చెప్పలేదు, శాపమే చెప్పనివ్వదు. మంత్రగాడు హౌల్ ఇంట్లో ఊడ్చి తుడిచే పనికి కుదురుతుంది. పడుచుపిల్లగా ఉన్నప్పుడు పెగలని మాట ముసలిరూపంలో ధైర్యంగా వస్తుంది. వాళ్ల మధ్య చనువు పెరిగేది అక్కడే. మీరు చదివే ప్రతి నవలనూ ఇలాగే చూడండి: మాయను తీసేస్తే ప్రేమకథ మారకుండా నిలబడితే, ఆ మాయ పైపూత. 60 పేజీలకు కూడా అది పైపూతలాగే కనిపిస్తే మొహమాటం లేకుండా మూసేయండి.

రెండో పుస్తకంగా పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’. 16వ శతాబ్దపు కావ్యం, ఎనిమిది ఆశ్వాసాలు, అంటే అధ్యాయాలు. వచనంలో చెప్పిన పుస్తకం దొరికితే అదే తీసుకోండి. కుబేరుడి కొడుకు నలకూబరుడి మీద మనసుపడ్డ కలభాషిణి అతని ప్రియురాలు రంభ రూపం ధరిస్తుంది, రంభను కోరిన గంధర్వుడు మణికంధరుడేమో నలకూబరుడి రూపం. ఇద్దరు రంభలు ఎదురుపడి, నేను అసలంటే నేను అసలని పోట్లాడుకునే ఘట్టం దగ్గర చాలామంది తప్పిపోతారు. పోస్టుకార్డంత కాగితం మీద ఎడమవైపు అసలు పేరు, కుడివైపు వేసుకున్న రూపం రాసి పేజీల మధ్య పెట్టుకోండి. కథ వెనక్కీ ముందుకీ నడుస్తుంది కాబట్టి, ఎవరు ఎవరికి చెబుతున్నారన్నది కూడా ఒక ముక్క రాసుకోండి.

దీన్ని బస్సులో చదవకండి, కుదుపులకు వరుస తప్పుతుంది. బస్సుకు ‘కాశీ మజిలీ కథలు’ నయం. మణిసిద్ధుడు కాశీకి పోతూ మజిలీ మజిలీకీ గోపకుమారుడికి కథ చెబుతాడు కాబట్టి ఆపుకోవడానికి చోటు దొరుకుతుంది. మొత్తం పన్నెండు భాగాలు. ఈ నెలకు మొదటి భాగంలో కొన్ని మజిలీలు చాలు, లెక్కలో కలపకండి.

ప్రశ్న: మా కొల్లాపూర్ వైపు సురభి మాధవరాయల ‘చంద్రికా పరిణయం’ కూడా ఈ నెలలో చదవొచ్చా?
– ఉపాధ్యాయుడు, నాగర్‌కర్నూల్

జవాబు: జటప్రోలు ప్రభువు రాసిన ఆ కావ్యం మన ప్రాంతానికి పెద్ద సొత్తు. కాని శ్లేషలతో, అంటే ఒకే మాటకు రెండర్థాలు వచ్చే పద్యాలతో నిండిన ప్రబంధం, నవల వేగంతో పోదు. వ్యాఖ్యానం ఉన్న ప్రతి పెట్టుకుని రోజుకు ఐదు పద్యాలు చదవండి. దానికి విడిగా ఒక కాలం కేటాయించండి.

ప్రశ్న: పదమూడేళ్ల మా పాప ఇలాంటి ఇంగ్లీషు నవలలు అడుగుతోంది. కొనివ్వొచ్చా?
– గృహిణి, వనపర్తి

జవాబు: అట్ట బొమ్మ చూసి కొనకండి. పిల్లల పుస్తకంలా కనిపించే వాటిలో పెద్దల కోసం రాసినవి, పడకగది సన్నివేశాలు విడమరిచి చెప్పినవి చాలా ఉన్నాయి. వెనక అట్ట మీద వయసు రాసి ఉందేమో చూడండి. లేకపోతే పుస్తకం సగం దాటాక రెండు మూడు అధ్యాయాలు మీరే తిరగేయండి. అలాంటి ఘట్టాలు సాధారణంగా అక్కడే వస్తాయి, మొదటి యాభై పేజీల్లో తెలియవు.